పది నిమిషాలు తక్కువ

రేణిగుంటలో ఏడూ పదికి ఎగరాల్సిన విమానం
ఎనిమిదిన్నర అన్నారు. తర్వాత పదిన్నర.
ఆ తర్వాత అనడం కూడా మానేసినారు.
గుండ్ల మీద చందనం ఎండి పెళ్ళలు లేస్తా ఉంది.
ఎవరి సంచిలోనో లడ్డు నెయ్యి కాగితం దాటింది.
నేను చెంగల్రాయుణ్ణి.
తిరుపతి–మదనపల్లె రూటులో
ముప్పై ఒక్క ఏండ్లు టికెట్లు కొట్టినోణ్ణి.
కూర్చుని ఎదురుచూడ్డం నాకు చేతగాదు.

భాకరాపేట కనుమలో బండి ఆగిపోతే
మస్తాన్ బానెట్ ఎత్తేవాడు,
నేను రోడ్డుకడ్డంగా నిలబడేవాణ్ణి.
వెనకొచ్చే పీలేరు బండిని ఆపి
మావాళ్ళను ఎక్కించి, అదే టికెట్టు చెల్లుతుందని
ఆ కండక్టరుకు రాసిచ్చి,
ముసలమ్మ కోళ్ళగంప పైకందించి,
అందరూ పోయినాక
మేమిద్దరం రాయి మీద బీడీ పంచుకునేవాళ్ళం.
హక్కులనే మాట అప్పుడు మాకు తెలీదు.
దారిలో దించేసి పోగూడదు, అంతే.

మస్తాన్ ఇప్పుడు హైదరాబాదులో
ఆకుపచ్చ దుప్పటి కింద ఉన్నాడు.
పన్నెండుకు గుండె తెరుస్తారంట.
"రేయ్, నువ్వొచ్చి విజిలేస్తేగానీ
నేను బండి తియ్యను" అన్నాడు రాత్రి ఫోన్లో.
నవ్వినాడు. నవ్వులో ఆయాసం.
అందుకే బతుకులో మొదటిసారి విమానం.
అందుకే జేబులో పాత విజిలు.
తనిఖీలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసినారు.

కౌంటరులో పాప పేరు గీర్వాణి, గుండీ పక్కన రాసుంది.
"సాంకేతిక కారణం సార్" అంది.
"కారణం సరే తల్లీ, కాఫీ ఎప్పుడు?" అన్నా.
రెండు గంటలు దాటితే తినేదానికి పెట్టాలని
గోడకు అతికించే ఉన్నారు, పూలకుండీ వెనక.
చిన్నక్షరాలు చదవడం నా ఉద్యోగం.
ఉప్మా పొట్లాలొచ్చినాయి. చెంచాలు రాలేదు.
పొద్దట్నుంచీ ఆ పాప ఏమీ తినలేదని
ఎండిన పెదాలే చెప్తా ఉన్నాయి.
నా పొట్లం ఆ పక్కకు జరిపినా.

టికెట్టు తీసిచ్చిన గాంధీరోడ్డు కుర్రోడు
"బీమా కూడా కొట్టేసినా తాతా,
ఆలస్యమైతే డబ్బులొస్తాయి" అని మురిసిపోయినాడు.
అద్దాలు పైకీ కిందికీ చేసి ఫోన్లో చదివినా.
పదిహేడో పేజీ:
ఆలస్యము ఆరు గంటలు నిండవలెను.

పదకొండూ యాభైకి మస్తాన్ కూతురు తస్లీం.
"తీసకపోతా ఉండారు మామా."
చెవి దగ్గర పెట్టమ్మా, అన్నా.
లేచి నిలబడి
రెండుసార్లు ఊదినా.
హాలంతా నా వైపు తిరిగింది.
తుపాకీ జవాను పరిగెత్తుకొచ్చినాడు.
ఫోన్లో అటువైపు చక్రాల చప్పుడు.
బండి కదిలింది.

మాది మాత్రం ఒంటిగంటకు.
ఐదు గంటలా యాభై నిమిషాలు.
పది నిమిషాలు తక్కువ కాబట్టి
బీమావాళ్ళకు నా ఆలస్యం ఆలస్యమే కాదు.

ఐదు దాటితే అరటికెట్టు. రూలు నాకూ ఉండె.
"ఇంకా ఐదు నిండలేదు సామీ" అని తల్లి అంటా ఉంటే
ఒళ్ళో పిల్లోడు రెండో ఎక్కం అప్పజెప్తా ఉంటాడు.
నేను ఆమె కాళ్ళు చూసేవాణ్ణి. చెప్పుల్లేని కాళ్ళు.
గంట తాడు లాగేవాణ్ణి.
చెకింగోళ్ళు పట్టుకుని నా జీతంలో కోసినారు, రెండుసార్లు.
లెక్క తెలిసే తప్పు చేసినా.

ఎక్కే ముందు గీర్వాణిని అడిగినా:
ఎంత ఆలస్యమో, ఎందుకో, రాసి సంతకం పెట్టు.
రాసింది. సీలేసింది.
గంటల దగ్గర కలం ఆగింది.
నా మొహం చూసింది. అద్దాల గదిలో అధికారిని చూసింది.
నిజమే రాసింది.
మంచిది తల్లీ. నీ జీతం నీకుండనీ.

ఆ కాగితం మడిచి విజిలు పక్కన పెట్టుకున్నా.
డబ్బులకు కాదు.
మస్తాన్ కళ్ళు తెరిస్తే మొదట అడిగేది
నాకు తెలుసు:
"ఎంత లేటు?"